స్వప్నమాధురిని విడిచిన పోలేరమ్మ

పోలేరమ్మ గారు ఇక లేరన్న వార్త గుడివాడ బస్టాండులో, బందరు బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. ఆమెను చూడడానికే బయలుదేరాను. ఆమె భర్త సోమయ్య గారు ఫోను చేసి, "ఆస్పత్రికి రాకండి మేడం. కృత్తివెన్ను తీసుకెళ్తున్నాం" అన్నారు. అర్థం తెలిసి కూడా "ఎందుకండీ?" అని అడిగాను. మనసు అంగీకరించనప్పుడు నోటికి ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

ఈ పేరు చాలామంది పాఠకులకు తెలియదు. స్వప్నమాధురి అంటే తెలుస్తుంది. రెండు తరాల స్త్రీలు వారపత్రికలో ఆమె సీరియల్ కోసం నిరీక్షించారు. ఆ స్వప్నమాధురి బందరు చేపల బజారులో పొద్దున చేపలమ్మి, మధ్యాహ్నం భర్త ఐసు షెడ్డులో, ఐసుపెట్టె మీద అట్ట వేసుకుని నవలలు రాసే పోలేరమ్మ అని పత్రిక ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఫొటో కూడా వేయలేదు. ఆ కలంపేరు పెట్టింది సంపాదకుడే.

"సిమ్లా మంచు గురించి రాయాలంటే పెట్టెలో చెయ్యి పెట్టి చూసుకునేదాన్నే" అని నాతో చెప్పి నవ్వేవారు. "హీరోయిన్‌కి చలేసేది. నాకు చేపల వాసనేసేది."

యాభై దాటాక ఆమె ఆ పేరును విసర్జించారు. చేపలమ్ముకునే ఒక స్త్రీ దినచర్యను కథగా రాసి, సొంత పేరుతో పంపారు. సంపాదకుడు ఫోను చేసినప్పుడు నేను షెడ్డులోనే ఉన్నాను. స్పీకర్ పెట్టి మాట్లాడడం ఆమె అలవాటు.

"కథ బాగుందండీ. పేరు మాత్రం పాతదే వేద్దాం."

"ఆవిడెప్పుడూ చేపలమ్మలేదండీ. అమ్మింది నేను."

"పాఠకులు ఒప్పుకోరండీ."

"ముందు మీరు ఒప్పుకోండి."

కథ తిరిగొచ్చింది. ఆ తరువాత వారపత్రికలేవీ ఆమె వంక చూడలేదు. లబ్ధప్రతిష్ఠమైన పేరును చేజేతులా పారేసుకున్న పిచ్చిది అని ఒక సభలో నా పక్కనే కూర్చుని అన్నవారున్నారు. వారితో నాకు ఇప్పటికీ మాటల్లేవు.

చిన్న పత్రికలకు ఆమె నిత్యజీవితం గురించి వ్యాసాలు రాస్తూనే ఉన్నారు. కథలు రాయడం నేర్పమని వెళ్ళిన నాకు మొదటిరోజే ఒక పరీక్ష పెట్టారు. "మారడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదే అమ్మాయ్. పొద్దున్నుంచీ చేసిన పనిని అబద్ధం కలపకుండా ఒక్క పేజీ రాయి. చెయ్యి ఎక్కడ ఆగిపోద్దో, నువ్వు మారాల్సింది అక్కడే." అత్తగారికి ప్రేమగా కాఫీ ఇచ్చాను అన్న వాక్యం దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆమె పగలబడి నవ్వారు.

చివరిసారి ఆస్పత్రిలో ఆ వ్యాసాల కట్ట నా ఒళ్ళో పెట్టారు. "పుస్తకం మీద నా పేరొక్కటే ఉండాలి. మాటియ్యి" అన్నారు. ఇచ్చాను. పాత పేరు కనీసం బ్రాకెట్లోనైనా లేకపోతే ఎవరు కొంటారని, నేను ఆ కట్ట చూపించిన ప్రచురణకర్త పట్టుబట్టారు. ఆ తగువు తేలకముందే ఆమె వెళ్ళిపోయారు.

కృత్తివెన్నులో పెద్దకర్మ నాడు గుమ్మానికి పెద్ద ఫ్లెక్సీ కనిపించింది. కట్టించింది ఆ ప్రచురణకర్తే. దాని మీద ఆమె ఫొటో కాదు, పాత సీరియల్‌కి వేసిన బొమ్మ: గులాబీ పట్టుకున్న కథానాయిక. కింద "స్వప్నమాధురికి అశ్రునివాళి". నాకు ఒళ్ళు మండిపోయింది. కూరలు తరిగే కత్తి అందుకుని తాళ్ళు కోయబోయాను. సోమయ్య గారు నా చెయ్యి పట్టుకున్నారు.

"కొయ్యకండి మేడం. అప్పట్లో ఇల్లు నడిపింది ఆ పేరే."

"మరి నేనిచ్చిన మాటండీ?"

ఆయన ప్రచురణకర్త వైపు తిరిగారు. "పుస్తకం మీద మాత్రం ఇది వేయడానికి వీల్లేదండీ. మా ఆవిడ వద్దంది. కుదరకపోతే మానెయ్యండి."

ప్రచురణకర్త భోజనానికి కూడా ఆగలేదు. ఆ వ్యాసాలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరు అచ్చువేస్తారో తెలియదు. అచ్చయిననాడు ముఖపత్రం మీద పోలేరమ్మ అన్న నామధేయం తప్ప మరొకటి ఉండదు. ఆ మహనీయురాలికి నేను అర్పించగల నివాళి అదొక్కటే.

విస్తళ్ళు వేసే వేళకు వాన మొదలైంది. పందిరి కారుతోంది. సోమయ్య గారు ఫ్లెక్సీ విప్పించి పందిరి మీద కప్పించారు, బొమ్మ కిందికి వచ్చేలా. దాని కిందే కూర్చుని తిన్నాం. చేపల బజారు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"ఈ బొమ్మలో ఆవిడెవరు సోమయ్యా? మన పోలేరమ్మకి ఏమవుద్ది?"

సోమయ్య గారు కూడా పైకి చూశారు.

"పెంచిన తల్లి" అన్నారు.

ఆ జవాబును కథ చేయగలిగినవారు ఒక్కరే. ఆమె లేరు.