బుల్లి పాట మీద పసుపునీళ్లు

మొన్న ఆదివారం పట్టపగలు కలకత్తా భవానీపూర్‌లో ఒక హాలు హాలంతా చీకటి చేసేసి వచ్చాను. నా చేతిలో ఉన్నదల్లా ఒక సీసా పసుపునీళ్లు, నాలుగు వేపరెబ్బలు. నవ్వుతారని తెలుసు. నవ్వండి, కానీ మొదట్నుంచీ వినండి.

మా మనవరాలి పేరు మౌసుమి. పుట్టినప్పుడు ఆసుపత్రిలో పక్కమంచం బెంగాలీ ఆవిడ ముచ్చటపడి పెట్టిన పేరు. నాకు మాత్రం బుల్లి. కాలేజీలో చదువుతోంది, ఒక బ్యాండులో పాడుతోంది. పాడటం అంటే మనం అనుకునే పాట కాదు. హారర్ పంక్ అట, అందులోనూ హార్డ్‌కోర్ అట. మొహానికి పౌడరు దట్టించి, నా కాటుక డబ్బా ఖాళీ చేసి కళ్ల చుట్టూ పూసుకుని, పుర్రెల్లాగా తయారవుతారు. దెయ్యాల మీద, శవాల మీద పాటలు. గొంతు చించుకుని అరుస్తారు. పొయ్యి మీద పాలు పెడితే పొంగేలోపు పాట అయిపోతుంది. అంత తొందర దేనికో!

ఇంట్లో ఆ సీడీలు పెట్టిందంటే మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో గిన్నెలన్నీ దడదడలాడేవి. కోడలు చెవుల్లో దూది పెట్టుకుని వంట చేసేది. నేను మాత్రం బుల్లి గది గోడకి ఆనుకుని కూర్చునేదాన్ని. ఆ డ్రమ్ము చప్పుడు గోడలోంచి నా వీపులోకి వచ్చేది. అక్కణ్నుంచి లేవబుద్ధి అయ్యేది కాదు.

ఒకరోజు అడిగాను, ఇంత భయం పాటలు నీకెందుకే నచ్చుతాయి అని.

"లోపల పెట్టుకుంటే భయమేస్తాది మామ్మా. మొహానికి పూసుకుంటే సరదాగుంటాది" అంది.

ఆ మాట గురించి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను.

నిజం చెబుతున్నాను, ఆ పాటలంటే నాకు ఇష్టం కలగడానికి ఇంకో కారణం ఉంది. చిన్నప్పుడు బుల్లి నా కొంగు వేలికి చుట్టుకుని కథలు చెప్పించుకునేది. కాలేజీకి వెళ్లాక ఫోన్లో బెంగాలీ, స్నేహితులతో ఇంగ్లీషు, నాతో "తిన్నావా మామ్మా" వరకే. అలాంటిది పాటల్లోకి దెయ్యాలు కావలసి వచ్చి మళ్లీ నా దగ్గరికి వచ్చింది. బెంగాలీ దెయ్యాలన్నీ అందరూ వాడేశారట. నా దగ్గర శ్రీకాకుళం దెయ్యాలున్నాయి కదా. ఉప్పుమడుల్లో తిరిగే కొరివిదెయ్యం, తాటితోపులో పసిబిడ్డలా ఏడ్చేది, చేపలబుట్ట ఎత్తుకుని వెనకాలే నడిచేది. ఒక్కొక్కటీ దాచి దాచి చెప్పాను. తొందరగా అయిపోతే మళ్లీ రాదేమోనని భయం.

దెయ్యాలు అయిపోయాక మా ఊరి అమ్మవారి పండగ గురించి చెప్పాను. డప్పులు మోగుతుంటే ఎవరికైనా పూనకం వస్తే ఊరికే వదిలెయ్యరు. కాళ్ల మీద పసుపునీళ్లు పోసి, నోటికి వేపాకు అందించి, "ఎవరమ్మా నువ్వు? ఏటి కావాల?" అని అడగాలి. అడిగి తీరాలి. నాకూ పధ్నాలుగేళ్లప్పుడు ఒకసారి ఆ డప్పుకి ఒళ్లు ఊగిపోయింది. పెళ్లి కుదిరిన పిల్లనని మా నాన్న రెక్క పట్టుకుని ఇంటికి లాక్కుపోయాడు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఏడే పెళ్లయి హౌరాలో రైలు దిగాను. యార్డులో పనిచేసే మా ఆయనకి డప్పులంటే నామోషీ. ఇక్కడ మనవాళ్లు పండగ చేసినా నేను కిటికీ దగ్గర నిలబడి వినడమే. ఆయన పోయాక వెళ్లొచ్చు కదా అంటారు మీరు. అప్పటికి కిటికీ అలవాటైపోయింది.

సరే, అసలు సంగతికి వస్తాను. బుల్లి నాన్న, అంటే మా అబ్బాయి, ఈ పాటల సంగతి తేల్చేస్తానన్నాడు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ల బ్యాండు ఆట ఉంది. మామ్మని తీసుకెళ్లు, మామ్మ చూసొచ్చి అక్కడ అంతా సవ్యంగా ఉందని చెబితే పాడుకో, లేదంటే బ్యాండు మానెయ్ అన్నాడు. బుల్లి ఆ పూట అన్నం ముట్టలేదు. నా చెయ్యి పట్టుకుని "నువ్వే నా జడ్జివి మామ్మా" అంది. నాకు ఎంత గర్వం వచ్చిందో చెప్పలేను.

అంతమంది కళ్లు పిల్ల మీద పడతాయి కదా, ఆట అయ్యాక దిష్టి తీద్దామని సీసాలో పసుపు కలిపి, వేపరెబ్బలు తుంపి సంచిలో పెట్టుకున్నాను. హౌరా దాకా లోకల్, అక్కణ్నుంచి బస్సు. ఆ రోజు పార్టీ జెండాల ఊరేగింపేదీ బస్సుకి అడ్డు రాలేదు. హాల్లో అడుగుపెడితే వందమంది పుర్రెలు. ఒక పుర్రె లేచి "రండి దీదా" అని, అంటే వాళ్ల భాషలో అమ్మమ్మా అని, నాకు కుర్చీ వేసింది. ఇంకో పుర్రె మంచినీళ్లు తెచ్చింది. ఇంత మర్యాదగల దెయ్యాలని నేనెక్కడా చూడలేదు.

పాట మొదలైంది. శుభో అనే లావుపాటి అబ్బాయి డ్రమ్ములు. గోడ అడ్డం లేకుండా వింటున్నాను కదా, నాలుగు దెబ్బలకే అది డ్రమ్ము కాకుండా పోయింది. మా ఊరి డప్పే. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. అప్పుడే స్టేజీ మీద బుల్లి జుట్టు విరబోసుకుని, మోకాళ్ల మీద పడి, ఊగుతూ కేక పెట్టింది. ఆ కేక నాకు తెలుసు. చుట్టూ పిల్లలు గెంతుతున్నారే గానీ ఒక్కరూ దాన్ని పట్టించుకోవడం లేదు. అడిగేవాళ్లు లేరు. నన్ను వదిలేసినట్టే దాన్నీ వదిలేస్తారా?

సీసా పట్టుకుని ముందుకు వెళ్లాను. పుర్రెలన్నీ దారిచ్చాయి. ఇది ఆటలో భాగమనుకున్నారు పాపం. ఇద్దరు చెరో రెక్క పట్టుకుని నన్ను స్టేజీ మీదికి ఎక్కించారు. బుల్లి కాళ్ల మీద సీసా మొత్తం కుమ్మరించాను. నోట్లో వేపాకు పెట్టాను. "ఎవరమ్మా నువ్వు? ఏటి కావాల?" అని గట్టిగా అడిగాను.

పసుపునీళ్లు బుల్లి కాళ్ల దగ్గర ఆగలేదు. పారుకుంటూ పోయి కరెంటు వైర్లన్నీ గుచ్చిన బోర్డులో పడ్డాయి. టప్ మని ఒక మెరుపు. గిటారు ఆగింది, మైకు ఆగింది, లైట్లు ఆరిపోయాయి. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు.

"నీళ్లు పోసీసినావేటి మామ్మా. పూనకం కాదే, అది పాట" అంది బుల్లి, వేపాకు ఉమ్మేస్తూ. గొంతులో ఏడుపు తెలుస్తోంది. దాని పాటలు నిలబెట్టడానికి వెళ్లినదాన్ని, నేనే ఆర్పేశాను. చీకట్లో నా మొహం కనబడలేదు కాబట్టి సరిపోయింది.

కానీ డ్రమ్ములకి కరెంటు అక్కర్లేదు కదా. శుభో ఆపలేదు. దెబ్బ మీద దెబ్బ వేస్తూనే ఉన్నాడు. పిల్లలందరూ దానికి తగ్గట్టు కాళ్లతో నేల గుద్దుతున్నారు.  బుల్లి నా రెండు చేతులూ పట్టుకుని, చెవి దగ్గరికి వచ్చి అడిగింది.

"నీకేటి కావాల మామ్మా?"

యాభై ఏళ్లు దాటింది. అడగవలసిన వాళ్లెవరూ అడగలేదు. ఇప్పుడు ఈ పిల్ల అడిగింది. నోరు తెరిస్తే కేక వచ్చింది. ఎంత పెద్ద కేకంటే శుభో చేతిలో కర్ర జారిపోయింది. హాలంతా నాతో పాటు అరిచింది. కన్నీళ్లు కారిపోతుంటే, ఇంకొకటి వాయించమను అన్నాను. వాయించారు. కరెంటు లేకుండానే మూడు పాటలు. హాలు కాపలాదారు వచ్చి బెంగాలీలో తిట్టేదాకా.

ఇంటికి వచ్చేసరికి మా అబ్బాయి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు. బుల్లి తల వంచుకుని నిలబడింది. అక్కడ తప్పుడు యవ్వారమేదైనా ఉందా, నిజం చెప్పమని నన్నడిగాడు. జడ్జిని కదా, అబద్ధం ఎలా ఆడను?

"పిల్లలందరూ బుద్ధిమంతుల్రా. అక్కడ అల్లరి సేసింది నానొక్కదాన్నే" అని జరిగిందంతా చెప్పేశాను.

వాడు నన్నూ, బుల్లినీ, ఖాళీ సీసానీ మార్చి మార్చి చూశాడు. పిల్ల పాడుకోవచ్చు అన్నాడు. మామ్మ మాత్రం ఇంకెప్పుడైనా వెళ్లాలంటే, తోడుగా ఎవరైనా పెద్దవాళ్లు ఉండాలన్నాడు.

వచ్చే నెల ఇంకో ఆట ఉందట. పొద్దున లేచిన దగ్గర్నుంచీ నా చెవుల్లో అదే దరువు. ఈ క్వార్టర్లలో నాకంటే పెద్దది వీధి చివరి పోలమ్మప్ప ఒక్కతే. ఆవిడకి రెండు చెవులూ వినబడవు. రేపు వెళ్లి అడుగుతాను, మంచి భజన కార్యక్రమం ఉంది వస్తావా అని.