సందంటే గిట్టని రామలింగం

వడ్రంగి రామలింగానికి సందు కనబడితే కడుపు మండుతుంది. రౌటర్ మిషన్‌కు చెక్క కోసే బిట్టు బిగించి, ముందు ముక్కచెక్కకు గాడి కొడతాడు. అందులో బద్దె దూర్చి, ఎండకు పట్టి, వెలుతురు కనబడితే "ఊహూ" అంటాడు. మళ్లీ ఇంకో సైజు బిట్టు, మళ్లీ ఇంకో ముక్క. ఇంట్లో ఆయన భార్య వరలక్ష్మి వదిన టిఫిన్ డబ్బా ఇచ్చినా మూత పెట్టి, ఎండకు పట్టి "ఊహూ" అనాల్సిందే.

"పప్పు పోసిన్నయ్యా, గాడి కొట్టలే!" అని ఆమె మొత్తుకుంటుంది.

నేను వరంగల్ చౌరస్తా దగ్గర టైలర్‌ను. నా పక్క కొట్టు మొగిలమ్మది. దారాలు, గుండీలు అమ్ముతుంది. నిరుడు పక్షవాతం వచ్చి కుడిచేతిలో బలం పోయింది. వానకు ఉబ్బిన పాత సొరుగులు ఆమె గుంజితే కదలవు. కొడుకు శ్యాంసుందర్ విసిగిపోయి తేల్చేశాడు.

"కొత్త బీరువా చేపిస్త. సొరుగు నువ్వే గుంజితే దుకాణం నీదే. లేకుంటే మొబైల్ కవర్లాయనకు కిరాయికిస్త. ఇంట్ల కూసో."

ఆ మాటతో ఆమె నవ్వడమే మానేసింది.

బీరువా పని రామలింగానికి ఇచ్చాడు. సొరుగు గుంజి చూపాల్సిన రోజు రానే వచ్చింది. బీరువా సిద్ధం, లోపల సొరుగులు జారే బద్దెలు కొట్టి ఉన్నాయి. సొరుగుల పక్కలకు గాడి తీస్తే పని అయిపోతుంది. కవర్లాయన బండి దిగకుండా టైం చూసుకుంటున్నాడు. రామలింగమేమో బిట్టు మీద బిట్టు మారుస్తూ "ఊహూ" అంటున్నాడు. ఆగలేక నేనే అడిగాను.

"అన్నా, పన్నెండు ఎమ్మెం బద్దెకు పన్నెండు బిట్టు! గింత దానికి ఇంత సేపా?"

"అంగీకి గుండీ కుట్టుడు కాదు తమ్మీ. జర ఆగు."

చివరికి ఒకటి బిగించాడు. దాని మీద అంకె చూసి నేను అరిచాను.

"అన్నా, అది పద్నాలుగు! లూజైతది!"

"నోరు మూసుకో" అని కళ్లురిమాడు. మిషన్ రయ్యిమంది.

గాడులు కొట్టాడు, వాటికి కొవ్వొత్తి రుద్దాడు, సొరుగులు ఎక్కించాడు. ఆ సందుల్లోంచి చౌరస్తా అంతా కనబడేలా ఉంది. ఈయనకు కళ్లు పోయాయా, మతి పోయిందా?

"ఊఁ, గుంజమ్మా" అన్నాడు శ్యాంసుందర్.

మొగిలమ్మ కుడిచేయి పిడి మీద పడింది. వేళ్లు సరిగ్గా ముడుచుకోలేదు. సొరుగు సర్రున వచ్చి ఆమె కడుపుకు తగిలింది.

"చెయ్యి వచ్చిందిరా శ్యాం! నా చెయ్యి వచ్చింది!"

శ్యాంసుందర్ కవర్లాయనకు అడ్డంగా తలూపాడు. ఆయన బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఆ రెండు మిల్లీమీటర్ల సందు ఆమె చేతి కోసమేనని నాకప్పుడు గానీ బుర్రకెక్కలేదు. రామలింగం నాకు ఎంత ముద్దొచ్చాడో!

"మొగిలక్కా, జర మెల్లగ! నీ జోరుకు నా బీరువా ఇరుగుతది!" అని అరిచాడు రామలింగం.

ఆమె ఇంకో సొరుగు గుంజి, అటూ ఇటూ ఊపి, మూతి విరిచింది.

"ఒంటిచేతి ముసల్దాని గుంజుడుకే ఆగుతలేదంటే, నీ పనే కచ్చా పని రా!"

ఆ మాట ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అనలేదు. మీద పడి కొట్లాడతాడేమోనని నేను అడ్డం పోబోయాను.

"అవునక్కా" అన్నాడు రామలింగం, తల వంచుకుని. "పని మరిచిపోతున్న."