వెలగపండు మీద గీతలు

యుద్ధం రోజులవి. పుదుచ్చేరి రైలు స్టేషన్లో నా పక్కన కూర్చున్న పెద్దాయన వెలగపండు మీద పెన్సిలుతో గుండ్రంగా గీతలు గీస్తున్నాడు.

“ఏంది సామీ ఇది?” అని అడిగాను.

“భూమి. మా తమ్ముడు ఓడలో తీగలేని తంతి, అదే వైర్‌లెస్, కొట్టే పనిలో ఉండాడు. నెలగా కబురు లేదు. చదును కాగితం మీద వేసే లెక్క గుండ్రటి భూమికి అతకదని ఇట్టా పండు మీద గీసి లెక్కేసినా. అంత దూరం నించి, ఈ వంపు దాటి, తంతి అల మన రేవుకు వచ్చే దారే లేదు. అందుకే కబురు రాలా. వాడు బాగానే ఉండాడు.”

నేను ఊరుకోవాల్సింది.

“అంతకుముందు కబురు అంత దూరం నించే వచ్చేదా, సామీ?”

ఆయన పెన్సిలు ఆగింది. “వచ్చేది” అన్నాడు.

బొటనవేలితో గీతలన్నీ చెరిపేశాడు. నా రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. చెరిపిన చోటే మళ్ళీ గీస్తున్నాడు.