మా మేనత్త చెవి కేసు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే పెద్ద గొంతు మా మేనత్తది. ముక్తేశ్వరం రేవుకి కాస్త ఇవతల ఉండేది మా పేట. మామయ్య పోయాక ఆవిడ మా ఇంట్లోనే ఉండేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకోవడం ఆవిడ పని. ఆవిడ మొదలుపెడితే తప్ప మిగతావాళ్ళకి శ్రుతి దొరికేది కాదు.

మిగిలిన రోజుల్లో ఊరి చివర ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ దగ్గరికి ఊక గంపలు మోసేది. మా నాన్న కూడా అక్కడే బస్తాలు ఎత్తేవాడు.

ఆ బాయిలర్‌కి ఆవిరి ఎక్కువైతే దానంతట అదే బయటికి వదిలేసే వాల్వు ఒకటి ఉండేది. అది బిగుసుకుపోయిందనీ, ఆపి బాగుచేయించాలనీ బాయిలర్ మేస్త్రి మేనేజరుగారికి చాలాసార్లు చెప్పాడట. ధాన్యం వచ్చి పడుతున్న రోజులు కావడంతో, కాస్త తెరిపి ఇచ్చాక చూద్దామన్నారట ఆయన. ఒక పొద్దున ఆవిరి గొట్టం పేలిపోయింది. మేము బడిలో ఉన్నాం. మబ్బు లేకుండా ఉరిమిందేమిటా అని పిల్లలమంతా ఆకాశంలోకి చూశాం.

అత్తయ్య అప్పుడే గంప దించి వెనక్కి తిరిగిందట. మధ్యలో గోడ ఉండబట్టి ఒళ్ళు కాలలేదు. కుడి చెవిలోంచి సన్నగా రక్తం మాత్రం వచ్చింది. ప్రాణం దక్కింది, అంతే చాలని అందరూ ప్రార్థన చేశారు. సాయంత్రం అమ్మ అన్నం వడ్డిస్తుంటే, "ఏంటొదినా, అలా గొణుక్కుంటున్నావ్?" అని అడిగింది అత్తయ్య. అమ్మ మామూలుగానే మాట్లాడుతోంది. మేము ముఖాలు చూసుకున్నాం.

తర్వాతి ఆదివారం ఆవిడ ఎప్పటిలాగే లేచి పాట ఎత్తుకుంది. గొంతు ఎక్కడికో వెళ్ళిపోయింది. ఎవరూ అందుకోలేకపోయారు. పాస్టరమ్మగారు మెల్లగా వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే, అత్తయ్యకి సంగతి అర్థమైంది. కూర్చుని కొంగు సర్దుకుంది. మళ్ళీ చర్చిలో పాట ఎత్తుకోలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరుగారు కుడి చెవి పూర్తిగా పోయిందనీ, ఎడమ చెవికి వినికిడి తగ్గిందనీ రాసిచ్చారు. మిల్లువాళ్ళు మా నాన్నని పిలిపించి, తిండికి బియ్యం, పండక్కి కోక ఇస్తామన్నారు. కనిపించే దెబ్బ ఏదీ లేదు కదా అని కూడా అన్నారు. నాన్నకి అదే మేలనిపించింది. ఆయన కూలి కూడా వాళ్ళ చేతిలోనే ఉంది మరి. అత్తయ్య ఒప్పుకోలేదు. "బియ్యం నేనడగలేదన్నయ్యా. వాల్వు సంగతి తెలిసీ నడిపించేరా లేదా, అది చెప్పమను" అంది. రెండు రోజుల తర్వాత నాన్నే అమలాపురం వెళ్ళి ప్లీడరుగారిని కలిశాడు.

పనిలో దెబ్బ తిన్నవాళ్ళ నష్టపరిహారం తగువులు తేల్చే అధికారి కాకినాడలో ఉండేవారు. విచారణ రోజున పంటు ఎక్కి గోదావరి దాటి, కోటిపల్లినుంచి బస్సులో వెళ్ళాం. నన్నెందుకు తీసుకెళ్ళారంటే, ఆవిడకి నా మాట బాగా అర్థమయ్యేది. రోజూ బడినుంచి వచ్చాక ఎదురుగా కూర్చుని నేను మెల్లగా మాట్లాడుతుంటే, నా పెదాలు చూసి మాటలు పట్టుకోవడం నేర్చుకుంది.

ఆఫీసు వరండాలో ప్లీడరుగారు నాన్నకి ఒక మాట చెప్పారు. ఎడమ చెవికి తగ్గిందని మాత్రమే డాక్టరు రాశాడు, ఎంత తగ్గిందో ఆవిడకే తెలుసు, రెండు చెవులూ పూర్తిగా పోయాయని చెబితే పరిహారం బాగా వస్తుంది, ఎవరేమడిగినా ఆవిడ పలకకూడదు అని. ఆయన చెడ్డవాడు కాదు. మా మంచికే చెప్పారు. నాన్న ఆ మాట అత్తయ్యకి ముఖం చూపిస్తూ చెప్పాడు. ఆవిడ చెప్పులు వరండాలో విడిచి లోపలికి నడిచింది.

లోపల మిల్లు తరఫు ప్లీడరు నెమ్మదైన మనిషి. అత్తయ్యకి ఎదురుగా నిలబడి, చుట్టంలా నవ్వుతూ, మామూలు గొంతుతో అడిగాడు. "ఏమ్మా, టిఫిన్ చేసేరా?"

"ఆయ్, చేసేమండి. ఇడ్లీ తిన్నామండి" అంది మా అత్తయ్య. పెద్దమనిషి మర్యాదగా అడిగితే బదులు చెప్పకుండా ఉండటం ఆవిడకి చేతకాదు.

ఆయన అధికారి వైపు తిరిగి, "చూశారు కదండీ, ఈవిడకి శుభ్రంగా వినపడుతోంది" అన్నాడు. మా ప్లీడరుగారు నుదురు రుద్దుకున్నారు. మిల్లు ప్లీడరు అటు తిరిగి అన్న మాట అత్తయ్యకి తెలియలేదు. అందరి ముఖాలూ చూసి, చివరికి నా వైపు చూసింది. నీకు వినపడుతోందంటున్నారని చప్పుడు చెయ్యకుండా పెదాలతో చెప్పాను.

ఆవిడ అధికారికి దణ్ణం పెట్టింది. "ఒక్క మాటండి. నాకు కుడి చెవి అసలు పనిచెయ్యదండి. ఎడం చెవి కొంత పనిచేస్తాదండి. ఈ బాబుగారు ఎదురుగా నిలబడ్డారు కాబట్టి పెదాలు చూసి చెప్పేనండి."

మా ప్లీడరుగారు తల దించుకున్నారు. అధికారి కాసేపు ఆవిడకేసి చూసి, బల్లమీది ఫైలు తీసి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అడిగారు. అత్తయ్య ఎడమ చెవి అటు తిప్పి ఆలకించింది.

"తమరేదో అన్నారండి. గొంతు తెలిసింది, మాట తెలీలేదండి."

ఆయన గొంతు పెంచి మళ్ళీ అడిగారు. "ఊరు అని ఏదో వినపడిందండి. మిగతాది తెలీదండి" అంది. మీ ఊరికి రేవు ఎంత దూరం అన్నది ఆయన అడిగిన ప్రశ్న. ఫైలు దించి, ఏదో రాసుకున్నారు.

ఆ తర్వాత బాయిలర్ మేస్త్రిని పిలిచారు. ఆయన మిల్లు తరఫున వచ్చిన సాక్షి. వాల్వు బాగానే ఉండేదని చెప్పడానికి మేనేజరుగారితోపాటు కారులో వచ్చాడు. పెళ్ళీడు పిల్లలున్నవాడు, ఆ మిల్లు తప్ప వేరే ఆధారం లేదు. వాల్వు సంగతి అడిగారు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"ఆవిడకి నష్టమని తెలిసి కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పేసిందండి. ఆ వాల్వు బిగుసుకుపోయిందండి. ఆపుదామని నేను మేనేజరుగారికి చెప్పేను. ఒకసారి కాదండి" అన్నాడు.

అధికారి ఆ మాట కూడా రాసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో పంటుమీద నాన్న ఉండబట్టలేక, ఆ ఎడమ చెవి సంగతి దాచి ఉంటే ఎంత బాగుండేదో అన్నాడు. అత్తయ్య ఆయన పెదాల మీదినుంచి చూపు తిప్పలేదు. "ఉన్న చెవిని లేదంటే, లేని చెవిని ఎవరు నమ్ముతారన్నయ్యా?" అంది.

తీర్పు రావడానికి చాలా కాలం పట్టింది. ప్లీడరుగారు ఆశించినంత పరిహారం రాలేదు. అయినా ఆ కాయితంలో మిల్లు యాజమాన్యం నిర్లక్ష్యం వల్ల అని స్పష్టంగా ఉంది. నాన్న ఆవిడ ముందు కూర్చుని చదివితే, ఆ ఒక్క మాట మళ్ళీ అనమంది. నాన్న నిదానంగా మళ్ళీ అన్నాడు. ఆవిడ తనూ పెదాలు కదిపి, "నిర్లక్ష్యం" అని పలికి చూసుకుంది. అప్పుడు ఏడిచింది. పేలుడు జరిగిన నాడు కూడా ఏడవని మనిషి.

వచ్చిన డబ్బుతో పాడిగేదెలు కొనుక్కుని, చివరిదాకా ఎవరిమీదా ఆధారపడకుండా బతికింది. నాన్నకి మిల్లులో పని పోయింది, కొబ్బరికాయల ఒలుపుకి వెళ్ళాడు. మేస్త్రిని కూడా తీసేశారు. రాయవరం వైపు వేరే మిల్లులో కుదిరాడని తర్వాత తెలిసింది. నిజం చెప్పినందుకు వాళ్ళు పోగొట్టుకున్నది తక్కువేమీ కాదు. ఇది చెప్పేటప్పుడు ఆ సంగతి దాచడం నాకిష్టం ఉండదు.

కిందటేడు నేనెక్కిన ఆటో బోల్తాపడి భుజం విరిగింది. పరిహారం కోసం కేసు వేశాం. చెయ్యి అసలు లేవడం లేదని చెప్పమని మా అల్లుడు నాకు మరీమరీ చెప్పాడు. వాడిది ప్రేమే. కోర్టులో, చెయ్యి ఎత్తి చూపించమన్నారు. ఒక్క క్షణం ఆగాను. తర్వాత ఎత్తగలిగినంత వరకు ఎత్తి, నొప్పి మొదలైన చోట ఆపాను.

"ఇంతవరకే లేస్తుందండి" అన్నాను.