గొంగడి కింద వెలిగిన నీళ్లు

ఎండాకాలంలో ప్రయాణాలు పెట్టుకోనని ఏటా ఒట్టేసుకుంటాను, ఏటా తప్పుతాను. ఈసారి తప్పించింది మా సునీత. నా చిన్ననాటి స్నేహితురాలు, ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతుంది. దాని పాత స్టూడెంట్ స్వప్న ఫోన్ చేసిందట. పెళ్లి కుదిరింది, వచ్చే నెలలో ముహూర్తం, కానీ ఎక్కడ చేయాలన్నదే తేలడం లేదు. కిందటి వానల్లో వాళ్ల ఊళ్లో వాంతులు, విరేచనాలతో చాలామంది దవాఖానా పాలైన సంగతి వైరాలో పెళ్లికొడుకు వాళ్ల చెవిన పడింది. ఆ నీళ్లతో మావాళ్లకు వంటలా, వైరాలోనే ఫంక్షన్ హాల్ మాట్లాడదాం అన్నాడు పెళ్లికొడుకు మేనమామ. అలా చేస్తే స్వప్న నానమ్మ ఆ పెళ్లి చూడలేదు. తుంటి విరిగి మంచాన పడ్డ మనిషి, పక్కకు ఒత్తిగిల్లడమే కష్టం, ఇక బండెక్కడం ఎక్కడిది. తల్లి లేని స్వప్నను పెంచింది ఆవిడే. మా బోరు నీళ్లు మీరే చూసి చెప్పాలె మేడం అని పిల్ల బతిమాలిందట. అటునుంచి భద్రాచలం కూడా చూసొద్దాం, దారే కదా అని సునీత నన్నూ లాగింది.

ఖమ్మంలో పొద్దున ఆరింటికి కొత్తగూడెం బస్సెక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు సున్నా, కాబట్టి సీటు దొరకడమే గొప్ప. నాకు దొరికింది, సునీతకు తల్లాడ దాకా దొరకలేదు, ఆ కోపం నా మీద. ఎనిమిదిన్నరకు జూలూరుపాడులో దిగి నాలుగేసి పూరీలు లాగించి, స్వప్న వాళ్ల ఊరికి మూడు వందల కిరాయికి ఆటో మాట్లాడుకున్నాం, మధ్యాహ్నం దాకా ఆగి మళ్లీ రోడ్డు మీద దింపేలా. డ్రైవరు సునీత పెట్టెను అద్దంలో చూసి చూసి, ఏంది మేడం, కోడిపిల్లలా అని అడిగాడు. నీళ్లలో బతికున్న బ్యాక్టీరియాను వెలుగుతో పట్టే సామాను అని చెబితే, గట్లయితే ముందుగాల మా ఇంట్ల పులుసు చూడాలె అన్నాడు. టేకు చెట్ల మధ్య మట్టిరోడ్డు, పక్కన కల్లాల్లో ఎండబెట్టిన బీడీల తునికాకు కట్టల వాసన, నాకు హాయిగా నిద్ర పట్టేసింది.

స్వప్న నాన్న లింగయ్య బొగ్గు గనిలో పనిచేస్తాడు. మేడమొస్తున్నదని సెలవు పెట్టి, తెల్లగా ఉతికిన పంచె కట్టుకొని, భుజాన తువ్వాల వేసుకొని గేటు దగ్గరే నిలబడ్డాడు. పెళ్లికొడుకు మేనమామ అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు, పరీక్ష తన కళ్లతో చూడాలని. సునీత అడగకముందే లింగయ్య ఒక బిందె బోరు నీళ్లు తెచ్చి ముందు పెట్టాడు.

ఆ పెట్టెలో ఉన్నదల్లా ఒక పొడి, ఒక ఊదారంగు టార్చి. పొడిలోని అణువులు మామూలుగా వెలగవు. నీళ్లలో బతికున్న బ్యాక్టీరియా ఉంటే ఆ అణువులను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు టార్చి కింద నీలంగా మెరుస్తాయి. చచ్చిన బ్యాక్టీరియాకు ఆ పని చేతకాదు, అందుకని మెరుపూ ఉండదు. ల్యాబులో పెంచి చూడాలంటే రోజు పైన పడుతుంది, ఇదైతే కళ్ల ముందే తెలుస్తుంది. పోల్చి చూడటానికి మూడు గాజు గొట్టాలు పెట్టింది సునీత: బోరు నీళ్లు, పశువుల కుంట నీళ్లు, మరగకాచిన కుంట నీళ్లు. చూడటానికి చీకటి కావాలి. ఆ పెంకుటింట్లో ఏ మూల చూసినా వెలుతురే. ఆఖరికి పెద్ద గొంగడి ఒకటి రెండు కుర్చీల మీద పరిచి, దాని కింద దూరాం. ఆ ఉక్కలో నా పూరీలు మళ్లీ ఉడికాయి.

సునీత పొడి వేసి టార్చి కొట్టిందో లేదో, బోరు నీళ్ల గొట్టం నీలంగా వెలిగింది. మిగతా రెండూ చీకటిగానే ఉన్నాయి. మేనమామ అప్పుడే తల దూర్చి చూశాడు.

"ఇగో, వెలుగుతున్నయ్ గద. ఇంకేం జూసేదుంది బావా? పెండ్లి వైరాలనే" అన్నాడు బయటికొచ్చి.

స్వప్న చప్పుడు చేయకుండా లోపలికెళ్లి నానమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఇంతదూరం వచ్చి ఈ పిల్ల ఆశ మీద మనమే నీళ్లు చల్లామా అనిపించింది.

సునీత మాత్రం మొండిది. అరగంట కాకుండా ఏమీ చెప్పనంది. అరగంటకు కుంట నీళ్లు మెల్లగా నీలం తిరిగి, ఇంకా ఇంకా ముదిరాయి. మరగకాచినవి చీకటిగానే ఉన్నాయి. బోరు నీళ్లు మాత్రం మొదట ఎంత వెలిగాయో అంతే, వీసమెత్తు పెరగలేదు. బతికున్నదైతే పని చేసుకోవడానికి టైం పట్టాలి కదా, ఇదేంటి మొదటి క్షణం నుంచే వెలిగి అక్కడే ఆగిపోయింది అని సునీత గొణుక్కుంటుంటే, లింగయ్య దిగులుగా మా పక్కన దూరాడు. టార్చి అతని భుజం మీద పడింది. తువ్వాల ట్యూబులైటులా భగ్గుమంది.

సునీత ఫక్కున నవ్వింది. "నీళ్లు దేంతో వడగట్టినవ్ లింగయ్యన్నా?"

"గీ తువ్వాలతోనే మేడం. మీరొస్తున్నరని మంచి సబ్బుపొడి దెచ్చి నిన్ననే ఉతికిన."

బట్టలు తెల్లగా కనిపించాలని సబ్బుపొడిలో కలిపే మందు ఆ టార్చి కింద అచ్చం అలాగే మెరుస్తుందట. అది కాస్తా నీళ్లలోకి దిగింది. పాపం, మనిషి శుభ్రం కోసం పడ్డ పాట్లే ఊరి నీళ్లకు మళ్లీ చెడ్డపేరు తెచ్చాయి. ఈసారి సునీతే బోరు కొట్టుకుని నేరుగా సీసాలో పట్టింది. మేనమామను గొంగడి కింద తన పక్కనే కూర్చోబెట్టుకుని, అరగంట కదలనివ్వలేదు. గొట్టం చీకటిగానే ఉంది. ఈ పద్ధతి ఇంకా పరీక్షల్లోనే ఉంది కాబట్టి ఒక సీసా సర్కారు ల్యాబుకు కూడా పంపమని, పెళ్లినాడు ఎలాగూ కాచిన నీళ్లే వాడమని గట్టిగా చెప్పింది. చెమటలు కక్కుతూ బయటికొచ్చిన మేనమామ చెంబెడు బోరు నీళ్లు గటగటా తాగాడు. ల్యాబు కూడా బాగున్నయంటే పెండ్లి ఈడనే బావా, అన్నాడు.

గొడవంతా వింటున్న నానమ్మ, ఆ వింతేందో నాకూ జూపుర్రి అని లోపలి నుంచి కేకేసింది. గొంగడి తీసుకెళ్లి ఆమె మంచం మీదే గుడారంలా పట్టుకున్నాం. స్వప్న లోపల దూరి, గొట్టం ముసలమ్మ కళ్ల ముందు పెట్టి టార్చి వేసింది.

"ఏం కనవడ్తలేదు గదనే" అంది నానమ్మ.

"అవ్ నానమ్మా. ఏం కనవడకపోవుడే మంచిది" అని, స్వప్న ఆ గొంగట్లోనే ఆమెను పట్టుకుని ఏడ్చేసింది.

సాయంత్రానికి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం చేరి గోదావరి ఒడ్డున కూర్చున్నాం. ఇన్ని ఊళ్లు తిరిగాను, ఎక్కడికెళ్లినా చూడటానికి ఏముంది అనే అడిగాను. ఏమీ కనపడనందుకు ఒక ఇల్లంతా పండగ చేసుకోవడం ఇదే మొదటిసారి చూశాను, నాకూ కళ్లు తడిశాయి. ఇలాంటి పరీక్ష మీ ఊళ్లో చేయించాలనుకుంటే ఒక్క మాట. నీళ్లు వడగట్టకుండా శుభ్రమైన సీసాలో నేరుగా పట్టండి, మొదట ఏం వెలిగినా అరగంట గడిచేదాకా ఎవరితోనూ అనకండి. ఆ అరగంట ఆగకపోయుంటే, నానమ్మ చూడలేని పెళ్లి ఆ రోజే వైరాలో ఖాయమైపోయేది.