ఊదారంగు తొడుగు బ్యాటరీలు

ఉత్తర ఇంగ్లండులోని టాడ్‌మోర్డెన్ ఊరి మార్కెట్ హాల్లో జున్ను అమ్మే బెరిల్ కొట్టుకూ, తాళంచెవులు చేసే మనిషి బల్లకూ మధ్య ఇరుకైన చోట గేనర్ హెల్లివెల్ కొట్టు ఉండేది. ఈ-సిగరెట్లు, వాటిలో పోసే ద్రవాలు, వాటికి వేసే బ్యాటరీలు అమ్మేది. వయసు యాభై తొమ్మిది. పదహారో ఏట పంట్లాలు కుట్టే ఫ్యాక్టరీలో చేరి, అది మూతబడేదాకా కుట్టింది. కుట్టినన్నాళ్లూ రోజుకు ముప్ఫై సిగరెట్లు కాల్చింది. భర్త ట్రెవర్ ఊపిరితిత్తులు పాడై చనిపోయిన ఏడాది సిగరెట్ పారేసి ఈ-సిగరెట్ పట్టుకుంది. ఏడాదిన్నరకు అదీ మానేసింది. తనలాంటి వాళ్లు ఊళ్లో ఇంకా చాలామంది ఉన్నారని తోచి ఆ కొట్టు పెట్టింది.

గేనర్ పుట్టు భయస్తురాలు. పొయ్యి ఆర్పి వీధిలోకి వచ్చాక మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకునే రకం. బ్యాటరీ కొన్నవాడికి డబ్బు తీసుకున్నంత తేలిగ్గా సెలవిచ్చేది కాదు.

"జేబులో చిల్లరతో, తాళాలతో కలిపి వేసుకోకు. ఇదిగో, ఈ ప్లాస్టిక్ డబ్బాలోనే పెట్టుకో. పైన తొడుగు మీద గోరంత చీలిక వచ్చినా పట్టుకొచ్చెయ్, కొత్తది తొడిగిస్తాను. నీ యంత్రం ఎంత కరెంటు లాగుతుందో అంత ఇవ్వగలిగేదే వెయ్యాలి. పైన రాసిన పెద్ద అంకెలు చూసి మోసపోకు."

"ఏమే గేనర్, నువ్వు అమ్మేది బ్యాటరీలా, బాంబులా?" అని బెరిల్ పక్క కొట్లోంచి అడిగేది.

"రెంటికీ పెద్ద తేడా లేదే" అనేది గేనర్.

కొత్త సరుకు వచ్చినప్పుడల్లా వంటింటి త్రాసు మీద ఒక్కొక్క బ్యాటరీ పెట్టి తూచేది. చూపుడువేలంత ఉండే ఆ రకం బ్యాటరీ అసలుదైతే నలభై అయిదు గ్రాములకు కాస్త అటూ ఇటూ తూగుతుంది. నకిలీది తేలిపోతుంది. బరువు చూశాక పైకొనన ఉండే తెల్లటి కాగితం రింగు చూసేది, తొడుగు అతుకు చూసేది. అప్పుడుగానీ అరలోకి ఎక్కించేది కాదు.

ఆ ఏడాది సెప్టెంబరు చివర, ఎప్పుడూ సరుకు పంపే వ్యాపారి దగ్గర బ్యాటరీలు అయిపోయాయి. ఫోనులో పరిచయమైన కొత్తవాడొకడు ఇరవై బ్యాటరీల పెట్టె పంపాడు. ఊదారంగు తొడుగులు, వాటిమీద బంగారు రంగు అంకెలు. అంత పెద్ద అంకెలు చూస్తే మామూలుగా ఆమెకు అనుమానం రావలసింది. కానీ ఆ రోజు పొద్దున్నే దవడ పన్ను పీకించుకుని వచ్చింది. చెంప వాచి ఉంది, తల పగిలిపోతోంది. రేపు తూస్తాలే అనుకుని పెట్టె అరలో పెట్టేసింది. మర్నాడు ఎవరో అడిగితే అందులోంచి తీసి ఇచ్చింది. తొమ్మిది రోజుల్లో ఎనిమిది అమ్ముడుపోయాయి.

అక్టోబరులో ఒక శనివారం పొద్దున పదింటికి టాక్సీ నడిపే షబ్బీర్ వచ్చాడు. ముప్ఫై ఏళ్లవాడు, ఆమె దగ్గరే సిగరెట్ మానినవాడు.

"ఆంటీ, ఇవేంటో చూడండి. రెండు దమ్ములు లాగేసరికి పెనంలా కాలిపోతోంది. నేనేదో తప్పు చేశానేమో అనుకున్నా."

బ్యాటరీలు రెండూ చేతిలోకి తీసుకోగానే గేనర్ వేళ్లకు తేడా తెలిసిపోయింది. త్రాసు మీద పెట్టింది. ముప్ఫై మూడు. రెండోది ముప్ఫై నాలుగు. అరలోంచి పెట్టె దించి, మిగిలిన పన్నెండూ వరసగా పెట్టి చూసింది. ఒక్కటి కూడా ముప్ఫై అయిదు దాటలేదు. అమ్మకానికి ఉన్నవాటిలో ఒకదాని తొడుగు బ్లేడుతో చీల్చింది. ఊదారంగు కింద లేత నీలం తొడుగు ఇంకొకటి కనిపించింది. దాని అడుగున రెండు చిన్న వెల్డింగ్ మచ్చలు. ఎవరో పాత చవకరకం పవర్‌బ్యాంకుల్లోంచి పీకి, కొత్త బట్టలు తొడిగి అమ్మారన్నమాట. ఈ-సిగరెట్ లాక్కునే కరెంటులో నాలుగో వంతు కూడా అవి తట్టుకోలేవు.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది.

"ఆంటీ, నీళ్లు తెమ్మంటారా?"

"నీళ్లొద్దు నాయనా. ఇవి ఎవరెవరికి ఇచ్చానో గుర్తు తెచ్చుకోనీ."

మొహాలు ఆమె మరిచిపోదు. షబ్బీర్‌వి రెండూ తిరిగి వచ్చాయి. క్షవరం చేసే గ్లిన్‌కు రెండు, బడిలో వంట చేసే ఆవిడకు ఒకటి ఇచ్చింది. పసుపుపచ్చ రెయిన్‌కోటు వేసుకుని రైలు వేళకు పరుగెత్తుతూ వచ్చిన ముక్కూమొహం తెలియని ఆవిడ ఒకటి కొన్నది. మిగిలిన రెండూ క్లిఫ్ బారక్లఫ్ కొన్నాడు.

"గ్లిన్ దగ్గరికీ, వంటావిడ దగ్గరికీ నేను బండేసుకుని వెళ్లొస్తా" అన్నాడు షబ్బీర్. "జేబులో వేసుకోను లెండి, డబ్బా ఇవ్వండి."

గేనర్‌కు అందరికంటే క్లిఫ్ గురించే భయం. డెబ్భై ఒక్కేళ్లవాడు, బస్సుల మరమ్మతు చేసి రిటైరైనవాడు, కాలువలో ఇరుకు పడవ మీదే కాపురం. అతని ఈ-సిగరెట్ ఇత్తడి గొట్టం. అందులో వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటేదీ లేదు. ఆ గొట్టం మానేయమని ఆమె రెండేళ్లుగా పోరుతోంది. బస్సు ఇంజను మొత్తం విప్పి బిగించిన చేతులివి, గొట్టం చూసుకోలేనా అని అతను నవ్వేసేవాడు. పైగా పడవ లోపలంతా చెక్క, బొగ్గు పొయ్యి, గ్యాసు బండ.

ఫోను చేసింది. ఆపేసి ఉంది. మళ్లీ చేసింది. అదే.

"బెరిల్, కొట్టు చూసుకుంటావా? నేను కాలువకు వెళ్లాలి."

"ఆ మొహమేంటే, దయ్యం పట్టినదానిలా ఉన్నావు?"

చెప్పింది. బెరిల్ ఈసారి వేళాకోళం చెయ్యలేదు. చేతిలోని జున్ను ముక్క బల్ల మీద పెట్టి, "పో, పో" అంది.

మార్కెట్టు వెనక సందులోంచి కాలువ గట్టు అయిదు నిమిషాల దూరం. క్లిఫ్ పడవ ఎప్పుడూ ఉండే చోట లేదు. పక్క పడవలో బట్టలు ఆరేస్తున్న ఆవిడను అడిగితే, పొద్దున్నే తాళ్లు విప్పుకుని హెబ్డెన్ బ్రిడ్జ్ ఊరి వైపు వెళ్లాడని చెప్పింది. ఊరు వదిలే ముందు అతను ఎప్పుడూ గేనర్ కొట్టుకు వచ్చి చెప్పి వెళ్లేవాడు. ఈసారి చెప్పలేదు. అదెందుకో ఆమెకు బోధపడలేదు.

మనిషి నడకకంటే ఇరుకు పడవేమీ వేగంగా పోదు. పైగా దారిలో లాకులున్నాయి. ఒక్కొక్క లాకు దగ్గరా ఆగి, తలుపులు మూసి, నీళ్లు దించి, మళ్లీ తెరిచి పోవాలి. అందుకుంటాను అనుకుంటూ నడిచింది. ముసురు పట్టి ఉంది. గట్టు మీద రాలిన ఆకులు తడిసి జారుతున్నాయి. ఎడమ పక్క రోడ్డు మీద కార్ల చప్పుడు, కుడి పక్క కదలని నీళ్లు. మొదటి లాకు దాటింది, రెండోది దాటింది. డొక్కలో పోటు మొదలైంది. ఆ పడవలో మంట లేస్తే అతను ఎటు నుంచి బయటికి వస్తాడో ఆలోచిస్తూ నడిచింది. ముందొక తలుపు, వెనకొక తలుపు. మధ్యలో మంచం. మంచం దగ్గర మంట లేస్తే? అక్కడితో ఆలోచన ఆపుదామనుకుంది, ఆగలేదు.

మూడో లాకు దగ్గర తలుపులకు గ్రీజు పూస్తున్న మనిషి కనిపించాడు.

"ఆకుపచ్చ పడవ చూశావా అన్నా? పైకప్పు మీద బొగ్గు బస్తాలుంటాయి."

"రెండు గంటలైంది వెళ్లి. ఆ పెద్దాయన ఒంటిచేత్తో తిప్పలు పడుతుంటే తలుపు నేనే తోశా. ఎడం చేతికి గిన్నెలు తుడిచే గుడ్డ చుట్టుకున్నాడు. ఏమైందయ్యా అంటే కెటిల్ పడిందన్నాడు."

కెటిల్ మాట గేనర్ నమ్మలేదు. కృతజ్ఞత చెప్పడం కూడా మరిచి ముందుకు సాగింది. ఇక నడక కాదది, సగం పరుగు.

హెబ్డెన్ బ్రిడ్జ్ ఇంకో అరమైలు ఉందనగా చెట్ల కింద పడవ కట్టేసి ఉంది. క్లిఫ్ వెనక అంచు మీద కూర్చుని, కుడిచేత్తో టీ తాగుతున్నాడు. ఎడమ అరచేయి గుడ్డలో ఉంది. ఆమెను చూడగానే అతని మొహం బడిలో పట్టుబడ్డవాడి మొహంలా అయిపోయింది.

"నువ్వెందుకొచ్చావు తల్లీ ఇంత దూరం?"

"పేలిందా?"

అతను గుడ్డ చుట్టిన చెయ్యి ఒళ్లోకి లాక్కున్నాడు.

"క్లిఫ్, రెండూ పేలాయా, ఒకటేనా?"

"ఒకటే. నిన్న."

"రెండోదేదీ?"

"లోపల. పొద్దున్నే ఛార్జింగ్‌కి పెట్టా."

గేనర్ పడవలోకి దిగింది. లోపల కాలిన స్పాంజి వాసన ఇంకా పోలేదు. మంచం మీద పరుపు లేదు, గోడ చెక్క మీద పళ్లెమంత నల్లటి మచ్చ ఉంది. ఛార్జరు కిటికీ పక్క అరలో, తెర అంచు కిందే ఉంది. దాని ఆకుపచ్చ దీపం ఇంకా వెలగలేదు, ఎర్రదే వెలుగుతోంది. ఆమె ముందు ప్లగ్గు పీకింది. పొయ్యి దగ్గరి మందపాటి చేతితొడుగు వేసుకుని, ఛార్జరును బ్యాటరీతో సహా ఖాళీ బొగ్గు బకెట్లో పెట్టి, చెయ్యి చాచి దూరంగా పట్టుకుని మెట్లెక్కింది. నాలుగు మెట్లే. అవి ఎక్కినంతసేపూ ఊపిరి తీసుకోలేదు. గట్టు మీద రాళ్ల మధ్య బకెట్ దించి, క్లిఫ్ చొక్కా పట్టుకుని పదిహేను అడుగుల దూరం లాక్కెళ్లింది.

"వేడిగా ఉందా?" అన్నాడతను.

"చాలా."

ఇద్దరూ తడి బెంచీ మీద కూర్చుని బకెట్ వైపు చూశారు. బకెట్ ఏమీ చెయ్యలేదు. కుక్కతో వస్తున్న ఒకాయనను గేనర్ చెయ్యెత్తి ఆపి, అవతలి గట్టు మీదుగా వెళ్లమంది. ఆయన బకెట్‌నూ వీళ్లనూ మార్చి మార్చి చూసి, ఏమీ అడగకుండా వంతెన ఎక్కాడు.

"నాకు చెప్పకుండా ఎందుకెళ్లిపోయావు?" అంది గేనర్.

"నీకు మొహమెలా చూపించమంటావు? నువ్వు డబ్బా ఇచ్చావు. ఆ డబ్బాలో నేను సూదీ దారం పెట్టుకున్నా. బ్యాటరీ జేబులో పడేశా, తాళాలతో. నువ్వు వద్దన్నదే చేశా. తొడ చుర్రుమంది, పట్టుకుని బయటికి లాగితే చెయ్యి కాలింది, పారేస్తే పరుపు మీద పడింది. పరుపు నీళ్లలోకి తోసేశా."

"తొడ కూడా కాలిందా?"

"కాస్త. అది నీకు చూపించను."

గేనర్‌కు నవ్వు రాలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని చెప్పింది. "అవి నకిలీ సరుకు, క్లిఫ్. నేను తూయలేదు. పన్ను నొప్పని తూయకుండా అమ్మాను."

అతను ఆమె వైపు తిరిగాడు. "అంటే నా తాళాల వల్ల కాదా?"

"ఏమో. తాళాలు తగిలితే మంచి బ్యాటరీ కూడా కాలుతుంది. దొంగది తాళాలు లేకపోయినా కాలుతుంది. తెలుసుకునే దారి లేదు."

"అయితే నాదే అనుకో."

"ఎందుకనుకోవాలి? నాది."

"సరుకు అమ్మినదానివి నువ్వు, జేబులో వేసుకున్నవాణ్ని నేను. చెయ్యి నాది కాబట్టి తప్పు కూడా నాదే."

"ముసలాడా, నీ చెయ్యి కాల్చి నీకే తప్పు కూడా అంటగడతానా?"

ఇద్దరూ ఎటూ తేల్చుకోలేకపోయారు. గంట గడిచింది. గేనర్ వెళ్లి బకెట్ అంచు మీద వేలు ఆనించి చూసింది. ఇనుము చల్లగా ఉంది. లోపల బ్యాటరీ పొట్ట దగ్గర తొడుగు ముడతలు పడింది. అంతకుమించి ఏమీ కాలేదు. అయినా ఇంకో అరగంట కూర్చోబెట్టింది.

షబ్బీర్‌కు ఫోను చేసి హెబ్డెన్ బ్రిడ్జ్‌కు బండి రప్పించింది. గ్లిన్‌వీ, వంటావిడదీ తన దగ్గరికి చేరాయని అతను ముందుగా ఆ మాటే చెప్పాడు. ముగ్గురూ కలిసి ఆస్పత్రికి వెళ్లారు. అరచేతి చర్మం బాగానే అతుక్కుంటుందన్నారు. తొడ గాయానికి ఆరు వారాలు కట్లు కట్టారు. ఎడం చేతి చిటికెన వేలు మాత్రం పూర్తిగా ముడుచుకోవడం మానేసింది.

సోమవారం గేనర్ మిగిలిన బ్యాటరీలన్నీ ఇసుక డబ్బాలో పెట్టుకుని కౌన్సిల్ ఆఫీసుకు వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పింది. తూయలేదన్న సంగతి కూడా దాచలేదు. పెట్టె పంపినవాడి ఫోను అప్పటికే పనిచెయ్యడం లేదు. ఆఫీసర్ హెచ్చరిక కాగితం ఇచ్చి, కొట్టు మూయనక్కర్లేదన్నాడు. మూసేయమని ఉంటే బాగుండేదేమోనని ఆమెకు చాలా రోజులు అనిపించింది.

పసుపుపచ్చ కోటు ఆవిడ కోసం స్టేషన్లో, బస్టాపుల్లో బ్యాటరీ బొమ్మతో కాగితాలు అంటించింది. నాలుగు వారాలపాటు పొద్దుటి రైళ్ల వేళకు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసింది. ఒకామెను పసుపు కోటు చూసి పలకరిస్తే, ఆమె జీవితంలో పొగ ముట్టనిదట. ఆ బ్యాటరీ ఎక్కడుందో, ఎవరి సంచిలో ఉందో ఈనాటికీ తెలియదు.

క్లిఫ్ చలికాలానికి పడవను మళ్లీ టాడ్‌మోర్డెన్ తెచ్చి కట్టాడు. వేడెక్కితే దానంతటదే ఆగిపోయే యంత్రం ఒకటి గేనర్ అతని ముందు పెట్టింది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒక దమ్ము లాగి, దీంట్లో రుచేముంది, బొత్తిగా పాలు తాగినట్టుంది అని సణిగాడు. అయినా తీసుకెళ్లాడు. వెళుతూ వెళుతూ, ఇందులో వేసిన బ్యాటరీ నా కళ్లముందే ఒకసారి తూచు అన్నాడు. నలభై ఆరు గ్రాములు తూగింది. ఇంకొకసారి అన్నాడు. ఆమె ఇంకొకసారి తూచింది.