బొంత కింద రేడియో పాఠం

పోయిన నెల నేను పాఠాలు చెప్పే బడికి టీవీ వచ్చింది. కొబ్బరికాయ కొట్టిన పెద్దమనిషి, ఇకమీదట చదువే పిల్లల దగ్గరికి నడిచొస్తుందని, ఇలాంటిది ఇంతకుముందు ఎవరూ కనీవినీ ఎరగరని అరగంట చెప్పాడు. వెనక కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్లు మండింది. చదువు నడిచి రావడం నేను చూశాను. బెల్లంపల్లిలో, బొగ్గుబాయి క్వార్టర్లలో, నేను హైస్కూల్లో ఉన్నప్పుడే మా ఇంటికి వచ్చింది. వచ్చినదాన్ని ఎక్కడ కూర్చోబెట్టామో ఆ పెద్దమనిషికి తెలియదు.

ఆ ఏడు మా సైన్సు సారుకు బదిలీ అయింది. ఆయన స్థానంలోకి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం రెండు గంటలకు రేడియోలో హైస్కూలు పిల్లలకు పాఠాలు వచ్చేవి, వాటితో ఏడాది గడిపేద్దామనుకున్నారు మా హెడ్మాస్టరు. బడికి ఒక రేడియో ఉండేది. ఆయన గదిలో, బీరువా పక్కన, పూలు కుట్టిన గుడ్డ కప్పుకుని ఉండేది. గది చిన్నది, అందరూ పట్టరు, మగపిల్లలు ఇక్కడ వింటారు, ఆడపిల్లలు మీ ఇంటికి పోయి వినండి, మీకు రేడియో ఉందిగా అని నన్ను చూసి తేల్చేశారు. మేం ముగ్గురమే. ఇరవై మందికి పైగా పట్టిన గదిలో ముగ్గురం పట్టలేదు.

మా ఇంట్లో రేడియో ఉన్నమాట నిజమే. ఇల్లంతటికీ ప్లగ్గు ఒక్కటేనని, అది మా నాన్న, బాపు, పడుకునే గదిలో ఉందని ఆయన అడగనూ లేదు, నన్ను చెప్పనివ్వనూ లేదు.

మా క్వార్టర్ల వరసలో ఒక కట్టుబాటు ఉండేది. రాత్రి పాళీ దిగొచ్చిన మనిషి పడుకుంటే అతని బూట్లు గడప బయట బోర్లించి పెట్టేవాళ్లు. బోర్లించిన బూట్లు కనబడితే ఆ తలుపు ఎవరూ తట్టరు, పక్కిళ్లలో రోకలి లేవదు, గాజులమ్మే ఆమె కూడా ఆ నాలుగడుగులు నోరు మూసుకుని నడిచేది. నిద్ర చాలని మనిషిని భూమి కిందికి పంపడమంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. బాపుకు మూడు వారాలకొకసారి రాత్రి పాళీ పడేది. మిగతా వారాల్లో గోడకవతల ఎవరివో బూట్లు బోర్లించే ఉండేవి.

అందుకని రెండు కాగానే అవ్వ (అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్లం) రేడియోను నేల మీదికి దించి, దాని మీదా మా ముగ్గురి మీదా కలిపి బొంత కప్పేది. రేడియో వేడెక్కేది. మాకు చెమటలు కారేవి. కాలిన దుమ్ము వాసన, కొబ్బరినూనె వాసన కలిసి ముక్కులు అదిరేవి. గొంతు ఎంత తగ్గించేవాళ్లమంటే పాఠం చెప్పే సారు దోమలాగా వినబడేవాడు. ముగ్గురిలో ఒకరి చెవే పెట్టెకు ఆనేది, మిగతా ఇద్దరికీ ఆమె గుసగుసగా చెప్పాలి. ఆ దోమసారేమో, పిల్లలూ, ఇప్పుడు గదిలో వెలుతురు బాగా ఉండేటట్టు చూసుకొని ఈ బొమ్మ గీయండి అనేవాడు.

ఒకరోజు గనిలో వాడే రక్షణ దీపం గురించి పాఠం. మంట చుట్టూ సన్నని తీగజాలీ ఉంటుంది, మంట దాన్ని దాటి బయటి గ్యాసుకు అంటుకోదు. అంతవరకూ బాగానే ఉంది. మీలో ఎవరూ ఈ దీపాన్ని చూసి ఉండరు, ఇంట్లో జల్లెడ, కొవ్వొత్తి తీసుకుని పెద్దల సాయంతో చేసి చూడండి అన్నాడు. మా ముగ్గురిలో ఒకామె నాన్న బాయి దగ్గర దీపాల గదిలో పని. రోజూ ఆ దీపాలు తుడిచి చేతికిచ్చేది ఆయనే.

"చూసి ఉండరట," అంది ఆమె చీకట్లో. "మా బాపును పంపిస్త. సారుకే ఒకటి తుడిచిచ్చి వస్తడు."

నవ్వు ఆగలేదు. ఆపుకున్నకొద్దీ బొంత ఎగిరింది. మంచం కిర్రుమంది. బొంత అంచు లేచింది. ఎర్రటి కళ్లతో బాపు.

"ఇదేంది? రేడియోకు చలివెట్టిందా?"

అవ్వ సంగతంతా చెప్పింది. బడిల రేడియో లేదా అని అడిగాడు. ఉంది, మగపిల్లలకు అన్నాను. తిడతాడనుకున్నాను. జల్లెడ తెమ్మన్నాడు. కొవ్వొత్తి వెలిగించి మంట మీద జల్లెడ ఆనించి, చూడుండ్రి, మీదికి రాదు అన్నాడు. గ్యాసుంటే దీపం మంట నెత్తిన నీలం టోపీ పెట్టుకుంటుందని, అది చూడగానే ఒర్రకుండా, గోల చేయకుండా వెనక్కి రావాలని చెప్పాడు. ఏడాది మొత్తంలో నాకు అర్థమైన సైన్సు పాఠం అదొక్కటే. ఆ తర్వాత ఆయనకు మళ్లీ నిద్ర పట్టలేదు. అట్లాగే పాళీకి పోయాడు. తెల్లారి ఆయన వాకిట్లోకి వచ్చి బూట్లు విప్పేదాకా అవ్వ నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక రేడియో పెట్టనన్నాను. సైన్సు పరీక్ష ముగ్గురికీ పోయినట్టే.

ఆ వారంలోనే హెడ్మాస్టరు నన్ను పిలిచి ఒక కాగితం ముందుకు జరిపారు. పాఠాలు విన్నట్టు రేడియో వాళ్లకు పంపేది. 'బాలికలు ఇంటివద్ద సకల సౌకర్యములతో వినుచున్నారు' అని రాసి ఉంది. కింద నా సంతకం కావాలట.

"ఇంట్లోనే రేడియో ఉందిగా అమ్మా, నీకేం కష్టం?" అన్నారు.

"రెండు గంటలకు మా బాపు పండుకుంటడు సార్. మీరు మేల్కొనే ఉంటరు గదా, మీ గదిలనే వింటం."

నోరు పెద్దదైందన్నారు. పెద్దదే. సంతకం పెట్టలేదు. సంతకం లేని కాగితం పంపడానికి ఆయనకు ధైర్యం చాలలేదేమో, సోమవారానికల్లా ఆయన గది కిటికీ బయట వరండాలో ఒక బల్ల పడింది. మేం ఎండలో, మగపిల్లలు నీడలో. అయినా రేడియో గొంతు విప్పి వినడం అదే మొదలు. ఎంత పొంగిపోయానంటే, రెండో కాగితం మీద 'బాలికలకు ప్రత్యేక సౌకర్యము కల్పించబడినది' అని ఉంటే చదివి మరీ సంతకం చేశాను. ముగ్గురం పాసయ్యాం. ఆ సంతకం తలచుకుంటే ఇప్పటికీ నా చెయ్యి నాకే నచ్చదు.

కొబ్బరికాయ కొట్టిన మర్నాడు పాఠం వేళకు టీవీ గదికి పోయాను. లోపల చాపల నిండా మగపిల్లలు. గది చిన్నదట. ఆడపిల్లలు వరండాలో కిటికీ ఊచలు పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి చూస్తున్నారు. సాయంత్రం నా బల్ల మీదికి కాగితం వచ్చింది: విద్యార్థులందరూ కార్యక్రమాన్ని వీక్షించారు, కింద క్లాసు టీచరుగా నేను సంతకం పెట్టాలట.

అది ఇంకా నా బల్ల మీదే ఉంది. రోజూ అటెండరు వచ్చి, "మేడమ్, గా సంతకం" అంటాడు.

"లోపల ఆడపిల్లలకు చాప పడ్డదా?" అంటాను.

ఇంకా పడలేదు.